పంచదార చెట్టు మన గట్టు మీదే ఉంది

పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడిన కుటుంబాలు మన వరంగల్, హనుమకొండలలో చాలానే ఉన్నాయి. వారు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చే వస్తువులలో మేపుల్ పాకం సీసా ఒకటి. 1965 నుండి కెనడా జెండాపై ఉన్నది మేపుల్ ఆకే. అంత అందమైన, అంత తీయని చెట్టును మన ఇంటి ఆవరణలో పెంచుకోలేమా అనిపించడం సహజం.

పెంచుకోలేము. పంచదార మేపుల్‌కు ఏటా గట్టి చలికాలం కావాలి. ఆ కాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులలోనే దాని మానులో రసం పారుతుంది. మన మే నెల ఎండలకు అది నిలువదు. పైగా ఆ రసంలో తీపి నూటికి రెండు పాళ్లే. సుమారు 40 లీటర్లు మరిగిస్తేగాని ఒక లీటరు పాకం రాదు.

మరి మన తాటిచెట్టు మాటేమిటి? దాని రసంలో తీపి నూటికి పది పాళ్లకు పైగానే ఉంటుంది. ఎనిమిది, పది లీటర్లు కాస్తే దాదాపు కిలో బెల్లం వస్తుంది. తాడు అనగానే కల్లు గుర్తుకు వచ్చి మన ఇళ్లలో చాలామంది ముఖం తిప్పుకుంటారు. కాని చెట్టు ఇచ్చేది తీపి రసమే. లొట్టి లోపల సున్నం పూసి, తెల్లవారుజామునే దింపితే అది పులియదు. అదే నీరా. దానిని కాచినదే తాటిబెల్లం.

నాటడం కష్టమేమీ కాదు. శ్రావణ భాద్రపదాలలో రాలిన పండ్ల టెంకలను తెచ్చి, మట్టిని లోతుగా వదులు చేసి, నిలిచిపోవలసిన చోటనే పాతాలి. తాటిమొక్కను పీకి మరొక చోట నాటితే సాధారణంగా బ్రతకదు. టెంకకూ టెంకకూ మూడు మీటర్ల ఎడం ఉంచాలి. కమ్మలు, పండ్లు బరువుగా రాలుతాయి కనుక ఇంటి కప్పుకు, కరెంటు తీగలకు దూరంగా నాటాలి. పొలం గట్లు, చెరువు కట్టలు, విశాలమైన ఆవరణల అంచులు దీనికి తగిన చోట్లు.

ఆ తరువాత కావలసినది ఓర్పు. మొలక మొదట నేల లోపలికే దిగుతుంది. మనం తినే గేగు అదే. నెలలు గడిచినా పైకి ఆకు కనిపించదు. చచ్చిపోయిందని తవ్వేయకండి. పోతు తాడో, పెంటి తాడో తెలియడానికి పన్నెండు, పదిహేనేళ్లకు పైనే పడుతుంది. ముంజలు పెంటి తాడే ఇస్తుంది గాని రసం రెండూ ఇస్తాయి.

ప్రియ పాఠకులారా, పట్టణం పెరిగి పొలాలు ప్లాట్లుగా మారుతుంటే ముందుగా నేలకూలేవి గట్టుమీది తాళ్లే. ఒక చెట్టును కొట్టడానికి గంట చాలు. దానితోపాటు ఒక గీత కార్మికుని ఇంటి తిండి కూడా పోతుంది. దాని స్థానంలో మరొకటి రసమివ్వడానికి ఒక తరం కావాలి. మేపుల్ నాటిన రైతు కూడా రసం కోసం ముప్పై, నలభై ఏళ్లు ఆగుతాడు. ఆ దేశాలలో తాతలు మనుమల కోసం ఆ చెట్లను నాటారు.

ఈ వానలకు మన పిల్లల చేత నాలుగు టెంకలు పాతిద్దాం. వాటి ముంజలు వారి పిల్లలు తింటారు.