కంపైలరు చూపు తప్పులు

మనము చదువగల రీతిలో వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. పాత యునిక్సు యంత్రముపై అది ఒక్కొక్కప్పుడు నూరు తప్పులు చూపును. బెదరనక్కరలేదు. ధవళేశ్వరమున హెడ్ స్లూయిసు మూసినచో తూర్పు డెల్టా కాలువలు ఎండును; అప్పుడు చేనిచేనికి పోయి కారణము వెదకము గదా! ఇచ్చటను మొదటి తప్పునే చదువవలెను. ఒక్క హెడరు ఫైలు దొరకకున్నను, దానిపై ఆధారపడిన వరుసలన్నియు తప్పులుగా తోచును.

రెండవ కారణము కాలభేదము. యునిక్సును సి భాషలో 1973లో తిరిగి వ్రాసిరి. ఆ భాషకు అమెరికా ప్రమాణము 1989లోగాని ఏర్పడలేదు. సన్ ఓఎస్ 4తో వచ్చిన కంపైలరు అంతకు ముందటి రీతిది. ఫంక్షను కుండలీకరణములలోనే చరరాశుల రకములను వ్రాసినచో అది అంగీకరింపదు. ప్రోగ్రాము తప్పు కాదు, యంత్రము చెడలేదు. రెండింటి వ్యాకరణములు వేరు. ఆ ఫంక్షనులను పాత రీతికి మార్చవలెను, లేదా ఆ యంత్రమునకు సరిపడు జీసీసీ కూర్పును తెచ్చుకొనవలెను.

మేము చెప్పునది ఒక్కటే: ఒక తప్పు దిద్ది, మరల కంపైలు చేయుడు. తొందరపడి యంత్రమును పారవేసినచో, దానిపై మాత్రమే నడచు లెక్కలును దానితోనే పోవును.