పాత డీజిల్ కారు కొనేముందు



చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తాం. వంకాయ కొనేటప్పుడు పుచ్చు లేదని నమ్మకం కుదిరాకే సంచీలో వేస్తాం. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ల వ్యవహారంలే" అని ఊరుకుంటాం. కానీ ఆ డబ్బు వచ్చేది ఇంటిఖర్చులోంచేగా! అందులో కూర్చునేది మన పిల్లలేగా! అందుకని ఈవేళ సెకండ్ హాండ్ డీజిల్ కారు సంగతి మాట్లాడుకుందాం. ఉదాహరణకి అందరికీ తెలిసిన మారుతీ స్విఫ్ట్ తీసుకుందాం.

డీజిల్ స్విఫ్ట్ 2007లో వచ్చింది. 2011లో ఒకసారి, 2018లో మరోసారి రూపు మార్చుకుంది. 2020 ఏప్రిల్‌లో కాలుష్యం నిబంధనలు బిగించడంతో మారుతీవారు డీజిల్ కార్లే మానేశారు. కనుక ఇప్పుడు ఆ కారు కావాలంటే వాడినదే దిక్కు. 2011కీ 2017కీ మధ్య వచ్చినదాన్ని పెద్దక్క అనుకుందాం. 2018 తర్వాతదాన్ని చిన్నచెల్లి అనుకుందాం.

ఇద్దరూ ఒకతల్లి బిడ్డలే. ఇద్దరిలోనూ ఉన్నది ఫియట్ వారు రూపొందించిన 1248 సి.సి. ఇంజనే. మరి తేడా ఎక్కడ?

అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది మైలేజీ. పరీక్షలో లీటరుకి పెద్దక్క వచ్చిన కొత్తలో 22.9, చిన్నచెల్లి 28.4 కిలోమీటర్లు ఇచ్చాయి. మన రోడ్లమీద అంత రాదు. 17, 20 వస్తాయనుకుందాం. నెలకి 1000 కిలోమీటర్లు తిరిగితే పెద్దక్క 59 లీటర్లు తాగుతుంది, చిన్నచెల్లి 50. డీజిల్ లీటరు 100 రూపాయలని లెక్క వేసుకున్నా నెలకి మిగిలేది 900, ఏడాదికి 10,800. రెండింటి ధరకీ రెండు లక్షలు తేడా ఉంటే, ఆ సొమ్ము డీజిల్ ఆదాలో తిరిగి రావడానికి పద్ధెనిమిదేళ్లు పైనే పడుతుంది. అంచేత మైలేజీ కోసమని కొత్తదానికి ఎక్కువ పెట్టడం దండగ.

ఎక్కువ పెట్టవలసింది ప్రాణం కోసం. పెద్దక్కలో కింది రకాల్లో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు లేవు. జడ్.డి.ఐ. అనే పైరకంలో ఉన్నాయి. చిన్నచెల్లికి అన్ని రకాల్లోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. కూడా వచ్చాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014లో ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ని గుద్దించి చూస్తే పెద్దల రక్షణకి ఒక్క నక్షత్రమూ రాలేదు. 2018లో కొత్తదానికి అయిదింట రెండు వచ్చాయి. రెండంటే గొప్ప మార్కులు కావు, కానీ సున్నాకంటే నయమే కదా! ఏ కారైనా వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.

ఇంక ఆయుర్దాయం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆపైన తనిఖీలో నెగ్గితే మరో అయిదేళ్లు పొడిగిస్తారు. 2012 బండికి 2027లో గడువు తీరుతుంది, 2018 బండికి 2033లో. ధరని మిగిలిన ఏళ్లతో భాగించి చూడండి. మూడు లక్షల బండికి రెండేళ్లే మిగిలితే ఏడాదికి లక్షన్నర పడ్డట్టు. అయిదు లక్షల బండికి ఎనిమిదేళ్లు మిగిలితే 62,500. పాతదానికి తనిఖీలో మరో అయిదేళ్లు దక్కితే అదే 43,000కి దిగుతుంది. అంటే బేరమంతా ఇంజను ఆరోగ్యం మీదే ఉందన్నమాట. ఇంజెక్టర్లూ, టర్బో మార్చాల్సివస్తే పావలా కోడికి ముప్పావలా మసాలా అవుతుంది.

ఆ ఆరోగ్యం చూడాలంటే పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే అనుమానించండి. నీలంపొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే వదిలెయ్యండి. మొదట్లో గొలుసు కొట్టుకున్న చప్పుడు వస్తే మెకానిక్‌కి వినిపించండి. మీటరు 50 వేలే చూపిస్తూ పెడల్ రబ్బర్లు అరిగిపోయి ఉంటే సర్వీసు పుస్తకం అడగండి. టైరుమీద నాలుగంకెలుంటాయి. 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైందని.

కాగితాలు మరీ ముఖ్యం. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరిందన్న పత్రం తీసుకోవాలి. చలానాలు బాకీ ఉన్నాయేమో చూడాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మనకి రాదు. పేరు మారకుండా పూర్తి సొమ్ము ఇవ్వకండి.

బడికీ, బజారుకీ తప్ప కదలని ఇంటికి అసలు డీజిలే అక్కర్లేదు, పెట్రోలు చాలు. నెలనెలా ఊళ్లు తిరిగేవాళ్లు, పిల్లలున్నవాళ్లు చిన్నచెల్లిని చూసుకోండి. చేతిలో డబ్బు తక్కువైతే, నమ్మకమైన మెకానిక్ ఉంటే, ఎయిర్‌బ్యాగులున్న పెద్దక్కని వెతకండి. ఎయిర్‌బ్యాగులు లేనిది ఎంత చవకగా వచ్చినా వద్దనండి. ఆ మాట ఇంట్లో గట్టిగా అనవలసింది మనమే.