పులికీ ఒత్తిడి ఉన్నది

“చాలా ఒత్తిడిగా ఉన్నదయ్యగారూ” అని ఎవరైనా చెప్పగానే మన సంఘాలలో తరచుగా వినబడే జవాబు, “నీకు విశ్వాసము చాలడం లేదు.” ఈ మాట ఎంతమంది నోరు మూయించి ఇంటికి పంపివేసినదో! కాబట్టి ఒత్తిడి గురించి పరిశోధకులు ఏమి కనుగొన్నారో ఈ దినము కొంచెము తెలుసుకొందాము.

1936లో కెనడాలోని మాంట్రియల్ నగరములో హాన్స్ సెల్యే అనే వైద్యుడు కొన్ని ఎలుకలను చలిలో ఉంచాడు, కొన్నిటిని గాయపరిచాడు, కొన్నిటిచేత మితిమీరిన శ్రమ చేయించాడు. బాధలు వేరైనా లోపల జరిగినది ఒక్కటే. మూత్రపిండాల మీద టోపీల వలె ఉండే అడ్రినల్ గ్రంథులు పెద్దవయ్యాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయినది, కడుపులో పుండ్లు పడ్డాయి.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. మన పద్మారావు నగర్ నుండి తార్నాక మీదుగా వెళ్తే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థ ఉన్నది కదా. అత్తాపూర్‌లో దాని విభాగమైన లాకోన్స్‌లో అడవి జంతువుల మీద పరిశోధన చేస్తారు. డాక్టర్ జి. ఉమాపతి గారి బృందము మధ్యప్రదేశ్‌లోని కన్హా, బాంధవ్‌గఢ్ అడవులలో పులుల ఒత్తిడిని కొలిచి 2019లో ఫలితములు ప్రకటించినది. పులికి సూది గుచ్చి రక్తము తీయగలమా? తీయబోతే ఆ బెదురుకే ఒత్తిడి పెరుగుతుంది! అందుచేత అడవిలో పులుల మలమును ఏరి తెచ్చారు. అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే హార్మోను దేహములో పని ముగించుకొని, విరిగి, మలములో బయటికి వస్తుంది. పర్యాటకుల జీపులు తిరిగే కాలములో అది ఎక్కువగా ఉన్నది, పర్యాటకులు లేని కాలములో తక్కువగా ఉన్నది. బండ్లు పెరిగినకొద్దీ అదీ పెరిగినది.

విశ్వాసము చాలదని పులిని గద్దించగలమా? నీళ్లు చాలని మొక్క కూడా ఒక హార్మోను తయారుచేసికొని ఆకుల మీది సన్నని రంధ్రములు మూసికొంటుంది. అది పిరికితనము కాదు, ప్రాణము నిలుపుకొనే ఉపాయము.

మన దేహములో ఈ హార్మోను పేరు కార్టిసాల్. ఆపద వేళ రక్తములోకి చక్కెర వదిలి బలమిస్తుంది, ఆపద గడిచాక తగ్గాలి. తగ్గకపోతేనే చిక్కు. రాత్రి షిఫ్టు, బ్యాంకు వాయిదాలు, మంచాన పడిన అత్తగారి సేవ ఎడతెగకుండా సాగితే నిద్ర పోతుంది, రక్తపోటు పెరుగుతుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. పులికైతే వర్షాకాలములో గేట్లు మూస్తారు. మన ఇంటి కోడలికి ఎవరు మూస్తారు? ఏలీయా చావు కోరుకొన్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగము చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి మరల పడుకోనిచ్చాడు.

కాబట్టి ఎవరైనా ఈ మాట చెప్పినప్పుడు, రాత్రి నిద్ర పడుతున్నదా, ఎన్నాళ్ల నుండి ఇలా ఉన్నదని అడగండి. వారాల తరబడి సాగుతుంటే వైద్యుని యొద్దకు తోడు వెళ్లండి. చావు తలంపులు వస్తుంటే ఒక్క దినము కూడా ఆగవద్దు. మన ప్రక్కనే గాంధీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. ఇల్లు కదలలేనివారు టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రియైనా ఉచితముగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.