జతిలువిహ్: మెట్ల మళ్ళు, భూమి విలువ

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో, బతుకారు పర్వతపు వాలులపై జతిలువిహ్ గ్రామం ఉన్నది. ఇక్కడి మెట్ల వరి మళ్ళకు నీటిని పంచేది ‘సుబక్’ అనే రైతుల సాగునీటి సంఘం. నాట్ల కాలాన్ని, నీటి వంతులను, కాలువల మరమ్మతులను సభ్యులే కలసి నిర్ణయిస్తారు. ఒక ఆయకట్టు అంతా ఒకేసారి సాగై, ఒకేసారి ఖాళీగా ఉండటం వల్ల పురుగుల ఉధృతి కూడా తగ్గుతుంది.

2012లో యునెస్కో సుబక్ వ్యవస్థను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పర్యాటకంతో పాటు భూమిపై ఒత్తిడి పెరిగింది. 1960 నాటి భూచట్టం ప్రకారం సంపూర్ణ యాజమాన్య హక్కు, అనగా ‘హక్ మిలిక్’, వ్యక్తులలో ఇండోనేషియా పౌరులకే లభిస్తుంది. విదేశీయులకు పరిమితకాల వినియోగ హక్కు లేదా కౌలు మాత్రమే సాధ్యం. అయితే యజమాని మారకుండానే మడి భోజనశాలగానో అతిథిగృహంగానో మారవచ్చు. ఎగువ మడిలో కట్టడం లేస్తే దిగువ మళ్ళకు నీటి పారుదల దెబ్బతింటుంది. కాలువ పనికి ఒక కుటుంబపు శ్రమ తగ్గుతుంది. ఆహార పంటల భూముల రక్షణకు 2009లో ప్రత్యేక చట్టం వచ్చినప్పటికీ, చట్టం ఒక్కటే రైతును పొలంలో నిలపజాలదు. సందర్శకులు చూడవచ్చే దృశ్యం రైతు శ్రమఫలమే. కావున పర్యాటక ఆదాయంలో న్యాయమైన వాటా, స్థానిక ఎర్రబియ్యానికి తగిన ధర లభించినప్పుడే సాగు నిలుస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు భూమి ధరతో పాటు నీటి బంధాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.