చక్రాల మీది ఇల్లు – కొండలలోని పాత గుమ్మాలు

ఉద్యోగ విరమణ పిమ్మట శేషజీవితం ఎట్లు గడపవలెనన్న ప్రశ్న ఏ దేశంలోనైనా ఒక్కటే, సమాధానాలే వేరు. మన ధర్మశాస్త్రకారులు వానప్రస్థాన్ని విధించినారు. భార్యను వెంటబెట్టుకొని యైనను, కుమారులకు అప్పగించి యైనను గృహస్థు ఇల్లు విడిచి వనానికి పోవలెనన్నారు. నేటి అమెరికాలో అనేకమంది వృద్ధ దంపతులు వనాలకు పోతూనే ఉన్నారు. ఇంటిని మాత్రం విడువలేదు. ఇంటికే చక్రాలు తగిలించి వెంట తీసుకొనిపోతున్నారు.

ఈ మోటారు ఇంటిని అక్కడివారు ఆర్.వి. అని వ్యవహరిస్తారు. చూడబోతే పెద్ద బస్సు. లోపల మంచము, వంటపొయ్యి, శీతల పేటిక, స్నానపు గది, మరుగుదొడ్డి అన్నీ అమరి ఉంటాయి. మంచినీటికి ఒక తొట్టి, వాడిన నీటికి ఒకటి, మలినానికి మరొకటి. వీటిని నింపుకొనుట, నిర్ణీత స్థలాలలో ఖాళీ చేసికొనుట, గ్యాసు చూచుకొనుట, బ్యాటరీ సంగతి కనిపెట్టుట – ఇదంతా నిత్యకృత్యం. భర్త చక్రం పట్టినప్పుడు భార్య పటం చూస్తుంది; అతడు అలసినప్పుడు పనులు తారుమారవుతాయి. నలభై ఏండ్లు ఒకే కప్పు క్రింద కాపురం చేసినవారు కూడ, ఆ కప్పు ఇంత చిన్నదైనప్పుడు ఒకరి అలవాట్లకు ఒకరు మరల సర్దుకొనవలసి వస్తుంది.

అట్టి దంపతులకు మిక్కిలి ప్రీతిపాత్రమైన మార్గాలలో అపలాచియన్ పర్వతాల బాట ఒకటి. ఈ పర్వతశ్రేణి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మొదలు దక్షిణాన అలబామా రాష్ట్రం వరకు వ్యాపించి ఉన్నది. హిమాలయాలు పుట్టి సుమారు 5 కోట్ల సంవత్సరాలైనది. అపలాచియన్ పర్వతాల నిర్మాణం సుమారు 26 కోట్ల సంవత్సరాల క్రిందటనే ముగిసినది. ఆఫ్రికా, ఉత్తర అమెరికా భూఖండాలు ఢీకొన్నప్పుడు ఉన్నతంగా లేచిన ఈ కొండలు గాలికి, వానకు, మంచుకు అరిగి అరిగి నేటి గుండ్రని రూపం తాల్చినవి. వృద్ధులు చూడబోయే కొండలు కూడ వృద్ధులే.

ప్రయాణం సాధారణంగా వర్జీనియా రాష్ట్రంలోని ఫ్రంట్ రాయల్ అనే ఊరిలో ప్రారంభమవుతుంది. అక్కడినుండి షెనాండోవా జాతీయోద్యానవనం గుండా, కొండ శిఖరాల వెంబడి, 105 మైళ్ళ స్కైలైన్ డ్రైవు సాగుతుంది. గంటకు 35 మైళ్ళ వేగానికి మించరాదు. 32వ మైలు సమీపంలో మేరీస్ రాక్ సొరంగం ఉన్నది. 12 అడుగుల 8 అంగుళాల ఎత్తుకు లోబడిన బండ్లకే అందులో ప్రవేశం. మోటారు ఇండ్లలో పెద్దవి అంతకు మించవచ్చును. కావున బుద్ధిమంతులు బయలుదేరుటకు ముందే కప్పు మీది శీతల యంత్రంతో సహా ఎత్తు కొలిచి, ఆ అంకెను చక్రం ఎదుట వ్రాసి పెట్టుకొంటారు.

బాట పొడవునా బండి నిలుపుకొనుటకు చదును చేసిన చోట్లు అనేకం. దిగి చూచినచో క్రింద లోయలు, ఆపైన నీలపు మడతల వలె వరుస వెంట వరుసగా కొండలు. జన సంచారం లేని స్వచ్ఛమైన అరణ్యమని తోచును. కాని ఆ అరణ్యం వయస్సు కొండల వయస్సు కాదు. చెట్ల మధ్య రెండడుగులు వేసి చూచినవారికి రాళ్ళతో పేర్చిన పొగగూడు కనిపిస్తుంది; ఎవరో నాటిన ఆపిలు చెట్టు కనిపిస్తుంది; పాత సమాధులు కనిపిస్తాయి. ఇది వనంగా మారిన ఊరు.

1928లో వర్జీనియా రాష్ట్రం ఒక శాసనం చేసి ఈ భూములను మొత్తంగా స్వాధీనం చేసికొని కేంద్ర ప్రభుత్వానికి దానం చేసినది. 1935 డిసెంబరులో ఉద్యానవనం ఏర్పడినది. అందుకొరకు 500కు పైగా కుటుంబాలు కొండ దిగినవి. పట్టా ఉన్నవారికి పరిహారం ముట్టినది. తరతరాలుగా పరుల భూమిలో కాపురమున్నవారిలో అనేకులకు ఏమియు ముట్టలేదు. కొందరు వృద్ధులను మాత్రం జీవితాంతం అక్కడనే ఉండనిచ్చినారు. వారిలో చివరి వృద్ధురాలు 1979లో మరణించినది.

ఇంతమందిని కదల్చుటకు ఒక సమర్థన కూడ కావలసి వచ్చినది. ఈ కొండవారు నాగరికత ఎరుగనివారు, లోకంతో సంబంధం లేనివారు అన్న ప్రచారం ఆనాడు జరిగినది. 1933లో వెలువడిన ‘హాలో ఫోక్’ అనే గ్రంథం ఈ చిత్రాన్నే లోకానికి చూపినది. 1990 దశాబ్దిలో పురావస్తు పరిశోధకులు అవే లోయలను పరిశీలించగా పింగాణీ పాత్రలు, ఔషధపు సీసాలు, పిల్లల బొమ్మలు, గ్రామఫోను రికార్డుల ముక్కలు బయటపడినవి. వారు పేదలే కావచ్చును. లోకం ఎరుగనివారు మాత్రం కారు. ఊరు విడిచే ముందు వారు అధికారులకు వ్రాసికొన్న ఉత్తరాలు 300 వరకు నేటికీ భద్రంగా ఉన్నవి. నాటిన పంట కోసికొననిమ్మని ఒకరు, ఖాళీ చేసిన ఇంటి కిటికీలు, తలుపులు తీసికొనిపోనిమ్మని మరొకరు అనుమతి వేడినారు. తన ఇంటి తలుపును తాను తీసికొనిపోవుటకు అర్జీ వ్రాసుకొనవలసి వచ్చిన గృహస్థుని స్థితి ఎట్టిదో చెప్పనక్కరలేదు.

స్కైలైన్ డ్రైవు ముగిసిన రాక్‌ఫిష్ గ్యాప్ వద్దనే బ్లూ రిడ్జ్ పార్క్‌వే ప్రారంభమవుతుంది. దీని పొడవు 469 మైళ్ళు. 1935లో, దేశమంతట నిరుద్యోగం పెచ్చు పెరిగిన కాలంలో, కొండవారికి పని కల్పించే ఉద్దేశంతో దీని నిర్మాణం మొదలైనది. చివరి ఖండం 1987లో గాని పూర్తి కాలేదు. గ్రాండ్‌ఫాదర్ పర్వతం ప్రక్కన కొండను తొలచకుండ, చెట్లను వీలైనంత తక్కువగా కదల్చి కట్టిన 1,243 అడుగుల లిన్ కోవ్ వంతెనయే ఆ చివరి ఖండం. దానిలోని 153 కాంక్రీటు భాగాలలో ఒక్కటి మాత్రమే తిన్ననిది; తక్కినవన్నీ వంపు తిరిగినవే. కొండను బట్టి బాట వంగినది. కొండ నొప్పించరాదన్న ఇంత శ్రద్ధ పూర్వం కొండవారి విషయంలో చూపలేదన్న సంగతి యాత్రికునకు స్ఫురించకపోదు.

176వ మైలు వద్ద మేబ్రీ మిల్లు ఉన్నది. నీటి చక్రంతో తిరిగే ఈ మర, దాని ముందటి చిన్న కొలను, ప్రక్కన దుంగలతో కట్టిన కుటీరం – ఛాయాచిత్రాలు తీయని యాత్రికుడుండడు. మరను నిర్మించిన మేబ్రీ దంపతులు అక్కడనే నివసించినారు. కాని వారు నివసించినది ఆ దుంగల కుటీరంలో కాదు. వారిది పలకలతో కట్టిన తెల్లని రెండంతస్తుల ఇల్లు. ప్రాచీనతకు తగినట్లు లేదని దానిని పడగొట్టి, వేరొక చోటినుండి దుంగల కుటీరాన్ని తెచ్చి నిలిపినారు. కొండ జనులు ఎట్లు జీవించినారన్నది ఒకటి. ఎట్లు జీవించి ఉండవలెనని చూడవచ్చినవారు కోరుకొన్నారన్నది మరొకటి. చరిత్ర బోధించే ఉపాధ్యాయులకు ఈ కుటీరం మంచి పాఠ్యవిషయం.

ఈ బాటమీద వేగం గంటకు 45 మైళ్ళు. సరకుల లారీలకు ప్రవేశం లేదు. విడిదులలో విద్యుత్తు తీగ తగిలించుకొనే సదుపాయం ఉండదు. తెచ్చుకొన్న వెలుతురుతోనే రాత్రి గడపవలె. 62 ఏండ్లు నిండిన పౌరులకు జాతీయోద్యానాల అనుమతి పత్రంతో విడిది రుసుములో సగం తగ్గుతుంది. సాయంకాలం బండ్ల ముందు మడత కుర్చీలు వేసికొని కూర్చున్న ముదుసలులు క్షణంలో ఇరుగుపొరుగులవుతారు. రెండు రాత్రులు గడిచేసరికి ఎవరి దారిన వారు పోతారు. ఈ ఇల్లు ఎక్కడ నిలిచినా స్వంతమే. ఏ నేలా స్వంతం కాదు.

355వ మైలు దగ్గర ఒక శాఖామార్గం మిచెల్ శిఖరానికి తీసికొనిపోతుంది. దాని ఎత్తు 6,684 అడుగులు. మిసిసిపీ నదికి తూర్పున ఇంతకంటె ఉన్నతమైన శిఖరం అమెరికాలో లేదు. ఎలిషా మిచెల్ ఉత్తర కరొలినా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1835లో భారమితి సహాయంతో ఈ శిఖరాన్ని కొలిచి, ఇదే మిన్న అన్నాడు. ఆయన వద్దనే చదువుకొని రాజకీయవేత్తయైన థామస్ క్లింగ్‌మన్ గురువుతో వాదానికి దిగినాడు. గురువు శిష్యునిపై అధికారం చూపలేదు; మరల కొలుచుటకు బయలుదేరినాడు. 1857 జూన్‌లో, 63 ఏండ్ల వయస్సులో, ఒంటరిగా కొండ దిగుతూ ఒక జలపాతం వద్ద జారిపడి మరణించినాడు. మరుసటి సంవత్సరం ఆయన దేహాన్ని శిఖరం మీదనే సమాధి చేసినారు. విశ్రాంతి పొందిన ఉపాధ్యాయ దంపతులెవరైనా ఆ సమాధి వద్ద కొంతసేపు నిలువక కదలలేరు.

కొండలు నిలకడకు ప్రతీకలంటారు. ఇక్కడ ఆ మాట కూడ పూర్తిగా చెల్లదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఈ ప్రాంతంపై విరుచుకుపడినప్పుడు అనేక చోట్ల కొండచరియలు విరిగి, చెట్లు కూలి, బాట కొట్టుకొనిపోయినది. లోయలలోని ఊళ్ళు నీట మునిగినవి. చక్రాలు గల ఇంటివారు తుఫాను రాకముందే తరలిపోగలరు. పునాదులు గల ఇంటివారికి ఆ వీలు లేదు.

పార్క్‌వే దక్షిణపు కొన చెరోకీ అనే ఊరు. ఈ పర్వతాలలో యూరోపియనుల రాకకు పూర్వం నుండి ఉన్న చెరోకీ జాతివారిని 1830 నాటి శాసనాన్ని అనుసరించి, 1838లో సైన్యం బలవంతంగా కదల్చి మిసిసిపీ నది ఆవలికి నడిపించినది. తరలింపబడినవారు సుమారు 16,000 మంది; వారిలో 4,000 మంది మరణించినారని అంచనా. ఆ దారికి ‘కన్నీటి బాట’ అని పేరు. కొండలలో దాగినవారు, స్వంత భూమి సంపాదించి నిలిచినవారు కొందరు మిగిలినారు. వారి సంతతియే నేటి ఈస్టర్న్ బ్యాండు చెరోకీలు. 1930 దశాబ్దిలో పార్క్‌వేను తమ లోయ గుండా వేయబోగా వీరు ఒప్పుకొనలేదు. వాదోపవాదాలు జరిగి, చివరకు బాట కొండ గట్టు మీదికి మారినది. ఒక శతాబ్దికి పూర్వం కాదనలేకపోయిన జాతి ఈసారి కాదని నెగ్గినది.

ఆ ఊరి వీధులలోని ఫలకాలపై ఇంగ్లీషు అక్షరాలతో పాటు మరొక లిపి కనిపిస్తుంది. ఇంగ్లీషు చదువనేరని సెకోయా అనే చెరోకీ, 1821 నాటికి తన భాషకు స్వయంగా కల్పించిన లిపి అది. తెలుగు గుణింతంలో ‘కా’, ‘కి’ ఒక్కొక్క ధ్వని సముదాయాన్ని సూచించినట్లు, ఇందులోను ఒక్కొక్క అక్షరం ఒక పూర్ణమైన ధ్వనిని సూచిస్తుంది. 1828లో ఈ లిపితోను, ఇంగ్లీషుతోను ‘చెరోకీ ఫీనిక్స్’ అనే వార్తాపత్రిక వెలువడినది. ఇళ్ళు పోయినను లిపి వారి వెంట నడిచి వెళ్ళినది.

ఊరికి ఎగువన గ్రేట్ స్మోకీ జాతీయోద్యానంలోని అత్యున్నత శిఖరం ఉన్నది. ఎత్తు 6,643 అడుగులు. గురువుతో వాదించిన క్లింగ్‌మన్ పేరనే అది చిరకాలం చెలామణి అయినది. చెరోకీల విన్నపంపై 2024 సెప్టెంబరులో దానికి పూర్వనామమైన ‘కువోహి’ తిరిగి వచ్చినది. మల్బరీ చెట్ల చోటు అని దాని అర్థం.

దంపతుల చివరి మజిలీ బ్రైసన్ సిటీ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విద్యుచ్ఛక్తి కొరకు సమీపంలో 480 అడుగుల ఫాంటానా ఆనకట్టను నిర్మించినప్పుడు వేయికి పైగా కుటుంబాలు స్థానభ్రష్టమైనవి. పాత రోడ్డు నీట మునిగినది. పూర్వుల సమాధులు ఆవలి గట్టున చిక్కుకొన్నవి. వాటికి క్రొత్త రోడ్డు వేయుదుమని 1943లో ఒప్పందం కుదిరినది. ఆరేడు మైళ్ళు వేసి, సుమారు 1,200 అడుగుల సొరంగం తొలచి, అక్కడ ఆపినారు. 2010లో, రోడ్డుకు బదులుగా ఆ కౌంటీకి 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించే ఒడంబడిక జరిగినది. ఈ బాటను స్థానికులు ‘ఎక్కడికీ పోని బాట’ అని పిలుస్తారు. ఆ కుటుంబాల వారు వేసవిలో ఉద్యానవనం వారి పడవలలో సరస్సు దాటి, సమాధులను శుభ్రపరచి, పూలుంచి, కలిసి భుజించి మరలివస్తారు. మనుమలు, మునిమనుమలు కూడ వస్తారు.

మోటారు ఇల్లు సొరంగం ముందర ఆగిపోవలసినదే. ఆపైన కాలినడక. ఇద్దరు వృద్ధులు చేతిదీపం వెలిగించుకొని ఆ చీకటిలో ఒకరి నొకరు పట్టుకొని నడుస్తారు. ఆవలి వైపు అడవి, అడవిలో కాలిబాట, ఆ దారిన ఒకప్పటి ఊళ్ళ గుర్తులు. వారు ఇంతవరకు వచ్చినది కొండల అందం చూచుటకు, అందాన్ని చూచినారు. ఆ అందం ఎవరి గుమ్మాల మీద పెరిగినదో కూడ తెలిసికొని వెనుకకు తిరిగి తమ ఇంటి మెట్లెక్కుతారు. ఆ రాత్రి వారు తలుపు వేసికొనేటప్పుడు, తాళం తమ చేతిలోనే ఉన్నదన్న విషయం మునుపటికంటె స్పష్టంగా గుర్తిస్తారు.