మీకు తెలుసా? కొత్త ల్యాప్‌టాప్ ఊరికే హ్యాంగవదు

ల్యాప్‌టాప్ హ్యాంగైందనిపించగానే ఒకసారి క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని చిన్న దీపం వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ బతికే ఉందని చాలా మటుకు నమ్మవచ్చు. ఏదో ఒక ప్రోగ్రామ్ ఇరుక్కుపోయి ఉంటుంది, లేదంటే తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ డ్రైవర్ తడబడి ఉంటుంది. దీపంలో చలనమే లేకపోతే మొత్తం వ్యవస్థే నిలిచిపోయినట్టు. ఇరుక్కున్న ప్రోగ్రామ్‌కూ తడబడిన డ్రైవర్‌కూ మందు వేరు. ప్రోగ్రామ్ ఇరుక్కుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, మొరాయిస్తున్న ప్రోగ్రామ్‌ను అందులోంచి ఆపేయవచ్చు. బొమ్మ ఒక్కటే నిలిచిపోతే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని బి నొక్కాలి. తెర క్షణం పాటు నల్లబడి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

భీమడోలులో కొత్త ల్యాప్‌టాప్ హ్యాంగైతే చాలామందికి తట్టే మొదటి మాట ‘ఏలూరు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించేద్దాం’. పాత మిషన్‌కైతే ఏమో గానీ, కొన్న నెలలోపు మిషన్‌కు అంతకన్నా చెరుపు లేదు. ఎందుకో చెప్పేముందు, అసలు హ్యాంగవడమంటే ఏమిటో చూద్దాం.

తెల్లబడిన ఆ కిటికీ అసలుది కాదు

ఒక ప్రోగ్రామ్ మన క్లిక్కులకు, మీటలకు 5 సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని ‘నాట్ రెస్పాండింగ్’ కింద జమకడుతుంది. అప్పుడు తెర మీద పాలిపోయినట్టు కనిపించే కిటికీ ఆ ప్రోగ్రామ్‌ది కాదు. దాని స్థానంలో విండోస్ నిలబెట్టిన నకలు అది. మనం దాన్ని పక్కకు జరపడానికీ, మూయడానికీ వీలుండాలని చేసిన ఏర్పాటు. అసలు ప్రోగ్రామ్ వెనకాల ఇంకా పనిలోనే ఉండవచ్చు. పెద్ద ఎక్సెల్ ఫైలు తెరిచినప్పుడు తెర తెల్లబడి, కాసేపటికి దానంతటదే తేరుకునేది ఇందుకే. ఆత్రంగా పదిసార్లు క్లిక్ చేస్తే ఆ పది క్లిక్కులూ వరసలో చేరి, తేరుకున్నాక ఒకదాని వెంట ఒకటి అమలు కావచ్చు.

పాట మధ్యలో మిషన్ పూర్తిగా నిలిచిపోతే స్పీకర్లోంచి ‘గర్ర్‌ర్’మని ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తుంది కదా, అది స్పీకరు పాడవడం కాదు. పాటలోని చిన్న ముక్కను ప్రాసెసర్ ఎప్పటికప్పుడు మెమరీలో పెడుతుంటే, సౌండ్ చిప్ దాన్ని తీసుకుని వినిపిస్తుంటుంది. ప్రాసెసర్ ఆగిపోయాక కొత్త ముక్క రాదు. చిప్ పాతదాన్నే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఈ చప్పుడు వింటే ఒకటి తేలిపోయినట్టే: ఇది ఒక ప్రోగ్రామ్ గొడవ కాదు, డ్రైవర్ల నుంచి ర్యామ్ దాకా ఎక్కడో లోతున ఉన్న జబ్బు.

మరి అంతా నిలిచిపోయినా పవర్ బటన్ మాత్రం ఎలా పనిచేస్తుంది? కీబోర్డును, ఛార్జింగ్‌ను, ఫ్యానును చూసుకునే చిన్న చిప్ ఒకటి ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా మేలుకునే ఉంటుంది. బటన్‌ను కొన్ని సెకన్లు అదిమిపెడితే అది విండోస్‌ను అడగకుండానే కరెంటు కోసేస్తుంది. మరీ తప్పనప్పుడే వాడాల్సిన దారి ఇది.

డబ్బాలోని కాగితంలో 35, మే నెలలో 40 పైన

చాలా ల్యాప్‌టాప్‌లతో వచ్చే కాగితంలో సన్నటి అక్షరాలతో ఒక అంకె ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి 35 డిగ్రీల దాకా ఉంటేనే మిషన్ సరిగా పనిచేస్తుందని దాని అర్థం. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం వైపు మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఏసీ లేని రేకుల గదిలోనైతే ఆ అంకె పొద్దున్నే దాటిపోతుంది. ప్రాసెసర్ తాను 95, 100 డిగ్రీల దగ్గరకు చేరగానే మాడిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మనకేమో మిషన్ హ్యాంగైనట్టు కనిపిస్తుంది. దానికి తోడు దూదిపరుపు మీద పెట్టుకుని వాడతాం. గాలి పీల్చుకునే రంధ్రాలు ఎక్కువగా అడుగునే ఉంటాయి, పరుపు వాటిని పూర్తిగా మూసేస్తుంది. చెక్క బల్ల మీద పెట్టి, వెనక అంచు కింద చిన్న ఎత్తు పెట్టి చూడండి. మధ్యాహ్నం ఆగే మిషన్ తెల్లవారుజామున హాయిగా నడుస్తోందంటే దోషం ఎండదే, మిషన్‌ది కాదు.

ఏరియేటర్లు వేస్తే ల్యాప్‌టాప్ ఆగుతుందా?

కొల్లేరు అంచు ఊళ్లలో ఈ అనుమానం చాలామందికి ఉంది. సూర్యుడు పోయాక చెరువులోని నాచు ఆక్సిజన్ తయారీ ఆపేస్తుంది. చేప, రొయ్య, నాచు అన్నీ మాత్రం రాత్రంతా దాన్ని పీలుస్తూనే ఉంటాయి. తెల్లవారబోయే వేళకు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకే రొయ్యల చెరువుల మీద నీటిలోకి గాలి కలిపే మోటార్లు, అంటే ఏరియేటర్లు, రాత్రిళ్లు గట్టిగా తిరగాలి. నేరుగా స్టార్ట్ చేసిన మోటారు మొదటి క్షణాల్లో తను మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఒకే లైనులో నాలుగైదు మోటార్లు ఒకేసారి అందుకుంటే ఇంట్లో బల్బు మసకబారుతుంది. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్ నిలిచిపోతే తప్పు కరెంటు మీదకు వెళ్తుంది.

నిజానికి ల్యాప్‌టాప్ అంత సుకుమారి కాదు. ఛార్జర్ మీద చదవండి: ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు. మన ఇంటి 230 వోల్టులు 160కి పడిపోయినా అది తన పని తాను చేస్తుంది. అంతకన్నా దిగజారినా వెనక బ్యాటరీ ఉంది. కనుక బ్యాటరీ బాగున్న కొత్త ల్యాప్‌టాప్ కేవలం వోల్టేజీ తగ్గినందుకు హ్యాంగవడం చాలా అరుదు. డెస్క్‌టాప్ సంగతి వేరు, దానికి యూపీఎస్ ఉండి తీరాలి. కరెంటు తగ్గినప్పుడల్లా కొత్త ల్యాప్‌టాప్ నిజంగానే ఆగిపోతుంటే బ్యాటరీనో ఛార్జర్‌నో అనుమానించాలి. అది వారంటీలో తేల్చుకోవాల్సిన లోపం, స్టెబిలైజర్ కొని కప్పిపుచ్చాల్సింది కాదు.

కరెంటుతో వచ్చే అసలు చిక్కు వేరే చోట ఉంది. ఛార్జర్‌కు మూడు పిన్నులుంటే, ఇంట్లో ప్లగ్ సరిపోలేదని టూ పిన్ తగిలిస్తారు. ఎర్తు తెగిపోతుంది. అప్పుడు లోహపు ఒంటి మీద చెయ్యి పెడితే సన్నగా జిలజిలలాడుతుంది, టచ్‌ప్యాడ్ మీద బాణం గుర్తు తనిష్టం వచ్చినట్టు గెంతుతుంది, లేదా కదలనే కదలదు. మిషన్ హ్యాంగైందనుకుంటాం. ఛార్జర్ తీసేసి చూస్తే మామూలైపోతుంది. ఈ పని ఎలక్ట్రీషియన్‌ది, కంప్యూటర్ షాపుది కాదు.

టైప్ సి పిన్ను పట్టింది కదా అని ఫోన్ ఛార్జర్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ల్యాప్‌టాప్‌కు 45, 65 వాట్లు కావాలి. అంత అందకపోతే కొన్ని మోడళ్లు వేగాన్ని బాగా కుదించేసుకుంటాయి.

మొదటి రెండు మూడు రోజుల గోల

కొత్త మిషన్ ఫ్యాక్టరీలో తయారై, గోడౌన్‌లో నెలల తరబడి ఉండి మన చేతికొస్తుంది. ఇంటర్నెట్ తగలగానే ఆ నెలల అప్‌డేట్లన్నీ ఒక్కసారి మొదలవుతాయి. పక్కనే ఫైళ్లకు విషయసూచిక రాసుకునే పని, వైరస్ వెతుకులాట, డ్రైవర్ల మార్పు. ఊళ్లో ఫైబర్ ఉన్న ఇంట్లో ఇది ఒక రాత్రిలో అయిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడే ఇంట్లోనే యాతన. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్ మధ్యాహ్నానికే ఖాళీ, అప్‌డేట్ సగంలో ఆగి మర్నాడు మళ్లీ అందుకుంటుంది. వారమంతా మిషన్ ఈసురోమంటూ ఉంటుంది. పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసూ అదే డేటాను పంచుకుంటుంది. ఫైబర్ ఉన్న బంధువుల ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, ఛార్జర్ పెట్టి, రాత్రంతా వదిలేసి అప్‌డేట్లు మొత్తం పూర్తి చేయించడం మేలు. ఆ తర్వాత ఇంట్లో హాట్‌స్పాట్‌ను వైఫై సెట్టింగ్స్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’గా గుర్తుపెడితే, పెద్ద అప్‌డేట్లలో చాలావాటిని విండోస్ తనంతట తాను దించుకోదు.

అప్‌డేట్లే ముంచిన సందర్భాలూ లేకపోలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలితెరతో కూలదోసింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మంచి కంపెనీ మిషన్ కొన్నా ఇలాంటివి తప్పవు. 2022లో ఏఎండీ కంపెనీ తన రైజెన్ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లు ఉండుండి కాసేపు బిగుసుకుపోతున్నాయని తానే ఒప్పుకుంది. కారణం వైరస్ కాదు, ర్యామ్ తక్కువై కాదు. భద్రతా తాళాలు చూసే ఎఫ్‌టీపీఎం అనే భాగం మదర్‌బోర్డు మీది చిప్‌తో మాట్లాడుతూ ఆలస్యం చేస్తోంది. దానికి మందు బయోస్ అప్‌డేట్. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఆ జబ్బు పోయేది కాదు.

షట్ డౌన్ చేసినా పూర్తిగా ఆగదు

విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. షట్ డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములన్నీ మూతపడతాయి గానీ, విండోస్ గుండెకాయనూ డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టుగా డిస్కులో దాచి, మర్నాడు అక్కడినుంచే లేపుతుంది. నిన్న తడబడిన డ్రైవర్ ఇవాళా తడబడుతూనే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. రోజూ షట్ డౌన్ చేస్తున్నా హ్యాంగ్ తగ్గలేదనేవాళ్లు ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడాలి.

కొన్నప్పుడే ఒక యాంటీవైరస్ ట్రయల్ ఉండగా, షాపులో ఇంకొకటి ఎక్కించి ఇస్తే రెండూ ప్రతి ఫైలునూ తనిఖీ చేస్తూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఒకటి తీసేయండి. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ చాలని మైక్రోసాఫ్ట్ రాసింది, అది బతకడానికే, పని చేయడానికి కాదు. తాడేపల్లిగూడెం నిట్‌లో చేరబోయే పిల్లలకు 4 జీబీ మిషన్ కొనిపెట్టవద్దని ప్రతి తల్లిదండ్రినీ బతిమాలుకుంటాను.

మన అక్షరానికే ఆగిపోయిన ఐఫోన్లు

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు, ఐప్యాడ్లు, మ్యాక్ కంప్యూటర్లు తెలుగు ‘జ్ఞా’ చూసి కుప్పకూలాయి. ఆ అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత గుర్తు దూరితే, దాన్ని తెర మీద ఎలా గీయాలో యాపిల్ సాఫ్ట్‌వేర్‌కు అంతుపట్టలేదు. మెసేజ్‌లో వస్తే మెసేజ్ యాప్ మూతపడేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. కోట్లమంది రాసే లిపిని ఇంత పెద్ద కంపెనీ పూర్తిగా పరీక్షించకుండానే ఫోన్లు అమ్మిందన్నది నాకిప్పటికీ బాధ కలిగించే విషయం.

అంగారకుడి మీద హ్యాంగైతే ఫార్మాట్ చేసేదెవరు?

1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటర్ కొద్దిరోజులకే పదేపదే రీసెట్ కావడం మొదలెట్టింది. నాసా ఇంజినీర్లు భూమి మీద ఉన్న దాని జంట మిషన్‌ను అవే పరిస్థితుల్లో నడిపి, సరిగ్గా అలాగే రీసెట్ అయ్యేదాకా పట్టుబట్టి కూర్చున్నారు. తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ పరిశీలన పని ఒకటి, తనకన్నా చాలా ముఖ్యమైన పనికి కావలసిన తాళం తన దగ్గర అట్టిపెట్టుకుంటోందని అప్పుడు దొరికింది. ఇక్కడినుంచే ఒక సెట్టింగ్ మార్చి పంపారు, నౌక కుదుటపడింది.

మన ఇంటి మిషన్‌కూ అదే పద్ధతి. ఎప్పుడు ఆగుతోంది? ఛార్జర్ ఉన్నప్పుడా, తీసేసినప్పుడా? వీడియో చూస్తుంటేనా, ఊరికే ఉన్నా ఆగుతోందా? విండోస్ వెతికే చోట ‘రిలయబిలిటీ’ అని కొడితే రోజువారీ పట్టిక ఒకటి తెరుచుకుంటుంది. మిషన్ ఏ రోజు ఏ ప్రోగ్రామ్ వల్ల పడిపోయిందో ఎర్ర గుర్తులతో అందులో ఉంటుంది, 1 నుంచి 10 దాకా మార్కులు కూడా వేస్తుంది. అలాగే ‘మెమరీ డయాగ్నస్టిక్’ అని వెతికితే ర్యామ్‌ను పరీక్షించే సాధనం దొరుకుతుంది. ఫార్మాట్ కొట్టించడం చెరుపు అన్నది ఇందుకే. ఆ ఎర్ర గుర్తుల చరిత్ర మొత్తం దాంతో తుడిచిపెట్టుకుపోతుంది, లోపం కంపెనీదని చూపించడానికి మన చేతిలో ఏమీ మిగలదు. పైగా బయటివాళ్లు మిషన్ విప్పితే వారంటీ మీద పేచీ రావచ్చు.

ఎలక్ట్రానిక్ వస్తువుల్లో లోపాలు ఎక్కువగా బయటపడేది కొత్తలోనూ, బాగా పాతబడ్డాకానూ. మధ్య కాలమే ప్రశాంతం. ఫ్యాక్టరీలో సరిగా అతకని ర్యామ్, బలహీనమైన ఎస్‌ఎస్‌డీ మొదటి వారాల్లోనే దొరికిపోతాయి. అయితే ఆన్‌లైన్‌లో కొన్నవాటికి మార్చి ఇచ్చే గడువు తరచూ ఏడు రోజులే ఉంటుంది. అందుకని కొన్న మొదటి వారం మిషన్‌ను ముద్దుగా దాచుకోకుండా గట్టిగా వాడాలి. ఆగిపోయిన ప్రతిసారీ ఫోన్‌తో వీడియో తీయాలి, తేదీ, వేళ కాగితం మీద రాయాలి, ఫిర్యాదు చేసి దాని నంబరు తీసుకోవాలి. మాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదుకు ఉనికి లేదు.

అమ్మినవాళ్లూ, కంపెనీవాళ్లూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే 1915కి ఫోన్ చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే ఏలూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి చట్టం ప్రకారం, కంపెనీ బెంగళూరులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా కొన్నవాళ్లు తాము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నియమం లేదు. గడువు రెండేళ్లు. బిల్లు, వారంటీ కార్డు, ఫిర్యాదు నంబర్లు, ఆ వీడియోలు చాలు.