ప్రాచీన పాశ్చాత్య సంగీతము – మన పారిభాషిక పదములు

పాశ్చాత్య సంగీతమును గూర్చి తెలుగులో వ్రాయువారికిని, అనువదించువారికిని మొదట అడ్డుతగులునవి పదములు. ‘మెలొడీ’ అన్నచోట రాగమనియు, ‘మోడ్’ అన్నచోట మేళమనియు, ‘హార్మనీ’ అన్నచోట శ్రుతి అనియు వ్రాసి ముందుకు సాగుట సులభము. అట్లు వ్రాసినచో చదువరి చెవిలో మ్రోగునది మన సంగీతమే గాని ఆ సంగీతము కాదు. అట్లని మన శాస్త్రపదములన్నియు పనికిరావని త్రోసివేయుటయు న్యాయము కాదు. అవి ఒక కాలపు పాశ్చాత్య సంగీతమునకు చక్కగా పొసగును. మరియొక కాలపు సంగీతమునకు పొసగవు. కావున పదమును ఎన్నుకొనుటకు ముందు ఆ సంగీతము నడచిన త్రోవను తెలిసికొనవలెను.

మన యానాము కూడ చేరియున్న పుదుచ్చేరి ప్రాంతమున, పుదుచ్చేరి పట్టణమునకు పడమటగా సుమారు పది కిలోమీటర్ల దూరమున విల్లియనూరు కలదు. చోళుల కాలము నాటి తిరుక్కామేశ్వరాలయమును, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఫ్రెంచి మిషనరీల పూనికతో వెలసిన లూర్దుమాత దేవాలయమును ఆ ఊరనే ఉన్నవి. రెండవ వాటికన్ మహాసభ (1962–65) దేశభాషలకు చోటిచ్చువరకు రోమను కతోలిక దేవాలయములలో ఆరాధన లాటిన్ భాషలో జరిగెడిది. ఆ ఆరాధనకు తన సొంత గానముగా చర్చి గుర్తించినది గ్రిగోరియన్ గానము. ఒక్క ఊరిలో ఇరుగుపొరుగుగా నిలిచిన ఈ రెండు ఆలయముల సంగీత సంప్రదాయములు మొదటి దశలో మనము తలచునంత దూరమైనవి కావు.

గ్రిగోరియన్ గానమునకు ఆ పేరు మొదటి గ్రెగొరీ పోపు (590–604) వలన వచ్చినది. ఐనను నేడు మనకు తెలిసిన రూపము ఎనిమిది, తొమ్మిది శతాబ్దములలో ఫ్రాంకుల రాజ్యమున, రోమునుండి వచ్చిన గానమును స్థానిక సంప్రదాయమును కలియుటచే ఏర్పడినదని చరిత్రకారులు చెప్పుదురు. ఎందరు పాడినను పాడునది ఒకే వరుస. దానికి తాళము లేదు. లాటిన్ మాటల విరుపును అనుసరించి సాగును. రాగమున తాళము లేకుండ పద్యము చదువుట ఎరిగిన తెలుగువారికి ఈ నడక క్రొత్తది కాదు. మొదట అది గురుముఖమున నేర్చి కంఠస్థము చేసినదే.

ఈ గానమును ఎనిమిది ‘మోడ్’లుగా విభజించిరి. ప్రతి మోడ్‌కును ముగింపు స్వరమొకటి, పఠనము నిలిచి సాగు స్వరమొకటి, క్రిందికిని మీదికిని పోదగిన హద్దులును కలవు. నాట్యశాస్త్రము పదునెనిమిది జాతులను చెప్పి, వానికి గ్రహము, అంశ, న్యాసము, మంద్రము, తారము మున్నగు పది లక్షణములను నిర్ణయించినది. మోడ్‌కు ‘జాతి’ అనియు, ముగింపు స్వరమునకు ‘న్యాసము’ అనియు వాడినచో భావము చాలవరకు నిలుచును. పఠన స్వరము అంశకు దగ్గర. మేళమన్నచో స్వరముల మెట్లు మాత్రమే తెలియును. మెట్లను మాత్రమే చూచినచో డోరియన్ ఖరహరప్రియను, ఫ్రిజియన్ హనుమతోడిని, లిడియన్ మేచకల్యాణిని, మిక్సొలిడియన్ హరికాంభోజిని పోలును. కాని మెట్ల పోలిక రాగము కాదు. గమకమును సంచారమును లేక కల్యాణి కల్యాణి కానేరదు.

తొమ్మిదవ శతాబ్దమున గానమునకు వ్రాత ఏర్పడసాగెను. ‘న్యూమ్’లను ఆ తొలి గుర్తులు గొంతు ఎక్కుటను దిగుటను జ్ఞాపకము చేసెడివే గాని స్వరస్థానమును తెలుపలేకపోయెడివి. పదునొకండవ శతాబ్దపు తొలి భాగమున అరెజ్జో నగరమునకు చెందిన గ్విడో అను సన్న్యాసి గీతలపై స్వరములను నిలిపెను. సెయింట్ జాన్‌పై గల ఒక లాటిన్ స్తోత్రమున ఒక్కొక్క పాదము ఒక్కొక్క మెట్టు పైనుండి ఆరంభమగును. ఆ పాదముల మొదటి అక్షరములనుండి ఉత్, రే, మి, ఫా, సోల్, లా అను సంజ్ఞలు పుట్టినవి. శంకరాభరణమున గ–మల నడుమ వలెనే ఇందు మి–ఫాల నడుమ అర్ధమెట్టు ఉండును. మన షడ్జము వలె ‘ఉత్’ను వేర్వేరు స్థానములపై నిలుపవచ్చును. తరువాత ‘సి’ చేరెను; ‘ఉత్’ ‘దో’ అయ్యెను. నేటి ఫ్రెంచివారికి ‘దో’ అన్నది కదలని ఒకే స్థానము. గ్విడో నాటి ఉత్‌కు ‘స’ అని వ్రాయుట తగును. నేటి ఫ్రెంచి ‘దో’కు అట్లు వ్రాయుట తగదు.

మార్గములు వేరుపడినది పలు గొంతులు పలు వరుసలను కలిపి పాడుట మొదలైన పిమ్మట. మూల గానముతో పాటు నాల్గవ లేక ఐదవ మెట్టు దూరమున రెండవ గొంతు నడచు ‘ఆర్గనమ్’ను తొమ్మిదవ శతాబ్దాంతపు గ్రంథమొకటి వర్ణించినది. పండ్రెండవ శతాబ్దాంతమునకు పారిస్ నోత్రదామ్ దేవాలయమున లెయోనాఁ, అటుపిమ్మట పెరోతాఁ దానిని పెంచిరి. పెరోతాఁ నాలుగు గొంతులకు కూర్చెను. మూల గానమును సాగదీసి పట్టియుంచు గొంతునకు ‘పట్టుకొనుట’ అను అర్థముగల లాటిన్ ధాతువునుండి ‘టెనర్’ అను పేరు వచ్చెను. అంతకుముందు ఆ మాటకు పఠన స్వరమని అర్థము. నేడు పురుషుల ఎత్తైన గొంతు. ఒక్క మాటకు మూడు కాలములలో మూడు అర్థములు! గొంతులు కలిసి నడచుటకు కాలప్రమాణము కావలసివచ్చెను. సుమారు 1280 నాటికి కొలోన్ నగరపు ఫ్రాంకో, స్వరచిహ్నపు ఆకారమే దాని నిడివిని తెలుపునట్లు నియమములు కూర్చెను. బిందువునకు ఎదురు బిందువు అను మాటనుండి ‘కౌంటర్‌పాయింట్’ వచ్చినది.

ఇచట మన పదములు చాలవు. శ్రుతి అన్నది కదలక నిలుచు ఆధారము. హార్మనీ అన్నది ఏకకాలమున మ్రోగు భిన్నస్వరముల మారెడు సంబంధము. ఒకదానికి మరియొకదాని పేరు పెట్టినచో రెండును చెడును.

మన వాగ్గేయకారులు ఈ చిక్కును ఎట్లు దాటిరో చూడదగియున్నది. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వరుసలకు శంకరాభరణ స్వరములలో సంస్కృత సాహిత్యములు కూర్చిరి. సుమారు నలుబదిగా లెక్కించు ఆ రచనలకు ‘నొట్టు స్వరములు’ అని పేరు. అందు ‘నోటు’ అను మాటనే మనవారు తమది చేసికొనిరి; వరుసను గైకొని హార్మనీని విడిచిరి. 1893లో ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు మన కృతులను ఐరోపా స్వరలిపిలో ప్రకటించిరి. ఆయన ప్రోత్సాహము పొందిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురమున తెలుగులో వెలువడెను. సుబ్బరామ దీక్షితులు సరిగమలను విడువలేదు; అవి తెలుపలేని గమకములకు మాత్రము ప్రత్యేక చిహ్నములు ఏర్పరచిరి.

అనువాదకునకు ఇంతకంటె మంచి మాదిరి కానరాదు. ఒక్క వరుసగా సాగిన తొలి గానమును చెప్పునపుడు జాతి, న్యాసము, అంశ వంటి మన శాస్త్రపదములను జంకులేక వాడవచ్చును. ఆర్గనమ్, కౌంటర్‌పాయింట్, హార్మనీ వచ్చినచోట ఆ మాటలనే తెలుగు లిపిలో నిలిపి, మొదటిసారి ఒక వాక్యమున వివరించుట మేలు. టెనర్ వంటి మాట ఎదురైనపుడు అది ఏ శతాబ్దపు మాటయో మొదట విచారించి, పిమ్మట కలము కదపవలెను.